గెలిస్తే వాళ్లవాడు, ఓడితే కోటావాడు

 

పోస్టు కొంచెం పెద్దదే. ఓపిగ్గా చివరిదాకా చదవండి. తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి, మేము ఏమీ అనుకోం.

విషయం అమెరికా కాలేజీ ఫుట్‌బాల్. "మన హాస్టల్లో వాలీబాల్ నెట్టే సరిగ్గా లేదు, ఆ ఆట గొడవ మనకెందుకు" అని కొందరు అంటారని తెలుసు. కానీ అక్కడ ఇప్పుడు నడుస్తున్న వాదన ఒకటి వింటే, ఇది మనం చిన్నప్పటి నుంచి వింటున్నదే కదా అనిపించింది. ఆ వాదన ఇది: చిన్న కాన్ఫరెన్స్ కాలేజీ జట్లు పెద్ద కాన్ఫరెన్స్ జట్లకు సరితూగవు. వాటికి జాతీయ పోటీలో సీటు రిజర్వ్ చేయడం దండగ. ఆ సీటు వల్ల నిజంగా అర్హత ఉన్న పెద్ద జట్టు బయట ఉండిపోతోంది.

చూశారా? ఆట వేరు, దేశం వేరు, మాట మాత్రం అదే.

మా జవాబు ముందే చెప్పేస్తున్నాం. చిన్న జట్లు సరితూగగలవు, తూగి చూపించాయి కూడా. ఎక్కడైనా తూగలేకపోతే దానికి కారణం పిల్లల ఒంట్లో, బుర్రలో లేదు. డబ్బులో, రూల్సులో ఉంది. రూల్సు మనుషులు రాసుకున్నవి, మనుషులు మార్చగలరు.

ముందు ఆ వ్యవస్థ ఎలా ఉంటుందో క్లుప్తంగా చెబుతాం. ఇది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారం బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట, ఒక్కో వైపు 11 మంది. అక్కడ కాలేజీలు గుంపులుగా కట్టి ఆడతాయి. ఆ గుంపునే కాన్ఫరెన్స్ అంటారు. బిగ్ టెన్, ఎస్‌ఈసీ, బిగ్ 12, ఏసీసీ అనేవి పెద్దవి. మౌంటెన్ వెస్ట్, మిడ్ అమెరికన్, సన్ బెల్ట్, అమెరికన్ లాంటివి చిన్నవి. టీవీ కంపెనీలు డబ్బు ఇచ్చేది కాన్ఫరెన్స్‌ని చూసి. బిగ్ టెన్ 2022లో చేసుకున్న ఒప్పందం ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైమాటే. చిన్న కాన్ఫరెన్సులకు వచ్చేది అందులో చిల్లర. అంటే ఆట మొదలుకాక ముందే ఒకరు బస్సులో, ఒకరు కాలినడకన బయలుదేరారన్నమాట.

అయినా ఏం జరిగిందో చూడండి.

2007 సెప్టెంబర్ 1. అపలాచియన్ స్టేట్ అనే కొండప్రాంతపు కాలేజీ, అప్పటికి కింది డివిజన్‌లో ఆడేది, మిషిగన్ వెళ్లింది. మిషిగన్ అప్పుడు దేశంలో 5వ ర్యాంకు. స్టేడియంలో లక్షమందికి పైగా జనం. స్కోరు 34-32, గెలిచింది కొండ కాలేజీ.

అదే ఏడాది జనవరి 1న ఫియెస్టా బౌల్‌లో బోయిసీ స్టేట్, ఓక్లహామాని 43-42తో ఓడించింది. 2009 జనవరిలో యూటా, అలబామాని 31-17తో ఓడించింది. 2011 జనవరిలో టీసీయూ, రోజ్ బౌల్‌లో విస్కాన్సిన్‌ని 21-19తో ఓడించింది. 2018 జనవరి 1న యూసీఎఫ్, ఆబర్న్‌ని 34-27తో ఓడించింది. ఈ నాలుగూ అప్పటికి చిన్న కాన్ఫరెన్సుల జట్లే. నాలుగూ ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు.

మొన్న 2024 సెప్టెంబర్ 7న నార్తర్న్ ఇల్లినాయ్, నోటర్ డేమ్ మైదానానికి వెళ్లింది. ఆ మ్యాచ్ ఆడటానికి పెద్ద కాలేజీయే చిన్న కాలేజీకి 14 లక్షల డాలర్లు ఇచ్చింది. అంటే "వచ్చి ఓడిపోయి వెళ్లండి, ఖర్చులకు డబ్బులు తీసుకోండి" అని. వాళ్లు వెళ్లారు, డబ్బులూ తీసుకున్నారు, 16-14తో గెలిచి మరీ వచ్చారు. ఆ నోటర్ డేమ్ ఆ సీజన్‌లో ఏకంగా జాతీయ ఫైనల్ దాకా వెళ్లింది. తక్కువ జట్టుని ఓడించారు అనడానికి కూడా లేదు.

"ఒక్కరోజు ఎవరైనా గెలుస్తారు, గాలివాటం" అంటారు. సరే, గాలివాటమే అనుకుందాం. మరి సీజనంతా ఓడకుండా నిలిచిన వాళ్లకు ఏం దక్కింది?

1998 నుంచి 2013 సీజన్ వరకు బీసీఎస్ అనే పద్ధతి ఉండేది. ఓట్లు, కంప్యూటర్ లెక్కలు కలిపి ఇద్దరినే ఫైనల్‌కు పిలిచేవాళ్లు. ఆ ఫైనల్ ఒక్కసారి కూడా చిన్న కాన్ఫరెన్స్ జట్టు చేతికి రాలేదు. 2008 సీజన్‌లో యూటా 13కి 13 గెలిచింది. కప్పు మాత్రం ఒక మ్యాచ్ ఓడిన ఫ్లోరిడాకు వెళ్లింది. యూటా ఫైనల్ ఆడి ఓడిపోలేదు, ఫైనల్‌కు పిలవనే లేదు.

2014 నుంచి నలుగురిని పిలిచే ప్లేఆఫ్ వచ్చింది. పదేళ్లు నడిచింది. పదేళ్లలో మొత్తం 40 సీట్లు. అందులో చిన్న కాన్ఫరెన్సులకు దక్కినవి ఎన్ని? ఒక్కటి. 2021లో సిన్సినాటి. 2017లో యూసీఎఫ్ ఒక్క మ్యాచ్ ఓడకపోయినా కమిటీ దానికి ఇచ్చిన ర్యాంకు 12. ఆ సీజన్ జాతీయ ఫైనల్ ఆడింది అలబామా, జార్జియా. యూసీఎఫ్ ఓడించిన ఆబర్న్, అదే సీజన్‌లో ఆ ఇద్దరినీ చెరోసారి ఓడించింది. తర్వాత జార్జియా ఆబర్న్‌ని తిరిగి ఓడించింది, ఆ సంగతి దాచడం లేదు. కానీ అంత దగ్గర బలం ఉన్న జట్టుని "మీరు 12వ వాళ్లు, బయట నిలబడండి" అనడం ఆటలో తీర్పా? కాగితం మీద తీర్పు.

"మీరు గట్టి జట్లతో ఆడలేదు కదా" అన్నారు. గట్టి జట్లు చిన్నవాళ్లతో ఆడటానికి ఒప్పుకోవు. ఒప్పుకుంటే "మా మైదానానికి రండి" అంటాయి. ఆడనివ్వరు, ఆడలేదని మార్కులు తీసేస్తారు. ఇంటర్వ్యూలో "అనుభవం ఏది?" అని అడిగి, అనుభవం లేదు కాబట్టి ఉద్యోగం ఇవ్వని ఆఫీసు మనలో చాలామంది చూశారు. ఇదీ అదే తంతు.

ఇక అసలు మాయ ఇక్కడుంది. యూటా గెలిచింది కదా, ఏమైంది? 2011లో పెద్ద కాన్ఫరెన్స్ అయిన పాక్-12లోకి తీసుకున్నారు. టీసీయూని 2012లో బిగ్ 12 తీసుకుంది. యూసీఎఫ్, సిన్సినాటి 2023లో బిగ్ 12లోకి వెళ్లిపోయాయి. గెలిచిన చిన్న జట్లను ఇలా లాగేసుకుంటారు. ఆ రోజు నుంచి అది "పెద్ద" జట్టు లెక్క. మిగిలిన వాళ్లను చూపించి "చూడండి, చిన్న జట్లలో సత్తా లేదు" అంటారు. మన గురుకులంలో ర్యాంకు తెచ్చుకున్న పిల్లాడిని కార్పొరేట్ కాలేజీ ఎత్తుకుపోయి, ఫ్లెక్సీ మీద ఫొటో వేసుకుని, "సర్కారు బడుల్లో చదువు లేదు" అన్నట్టే ఉంది ఇది.

మరి లోపలికి వెళ్లాక ఆ జట్లు ఏం చేశాయి? యూటా 2021, 2022లో వరసగా పాక్-12 ఛాంపియన్. టీసీయూ 2022 సీజన్‌లో జాతీయ ఫైనల్ ఆడింది. అదే ఊరు, అదే కాలేజీ. మారింది చేతికొచ్చిన డబ్బు, దొరికిన అవకాశం. కూర్చోడానికి కుర్చీ ఇస్తే కూర్చోవడం వచ్చని తేలింది, అంతే.

ఆ ఫైనల్లో టీసీయూ జార్జియా చేతిలో 65-7తో చిత్తుగా ఓడింది, అదీ నిజమే. కానీ ఓడినందుకు "బిగ్ 12కి ఇక సీటు వద్దు" అని ఎవరైనా అన్నారా? 2023 సీజన్ చివర ఆరెంజ్ బౌల్‌లో ఫ్లోరిడా స్టేట్ అనే పెద్ద జట్టు అదే జార్జియా చేతిలో 63-3తో ఓడింది. దాని కాన్ఫరెన్సును రద్దు చేయమన్నారా? పెద్దవాడు ఓడితే ఆరోజు బాగోలేదంటారు. చిన్నవాడు ఓడితే వాడి కులమే అంత అన్నట్టు మాట్లాడతారు.

ఇప్పుడు 2025 సీజన్‌కి వద్దాం, గొడవ ముదిరింది ఇక్కడే. 2024 నుంచి ప్లేఆఫ్‌లో 12 జట్లు. 2025 దాకా ర్యాంకులో ముందున్న ఐదుగురు కాన్ఫరెన్స్ ఛాంపియన్లకు సీటు గ్యారంటీగా ఉండేది. పెద్ద కాన్ఫరెన్సులు నాలుగే కాబట్టి చిన్నవాళ్లకు కనీసం ఒక సీటు తప్పనిసరి. 2025లో ఏసీసీ ఛాంపియన్ ర్యాంకు వెనకబడటంతో ట్యులేన్, జేమ్స్ మాడిసన్ అనే రెండు చిన్న జట్లు వచ్చాయి. నోటర్ డేమ్ బయట ఉండిపోయింది. ఇక చూడాలి! మెరిట్ చచ్చిపోయిందని ఏడుపు. ట్యులేన్ 41-10తో ఓల్ మిస్ చేతిలో, జేమ్స్ మాడిసన్ 51-34తో ఒరెగన్ చేతిలో ఓడగానే "మేం చెప్పలేదా?" అన్నారు.

సరే, తర్వాతి రౌండు చూద్దాం. అదే ఒరెగన్, బిగ్ 12 ఛాంపియన్ టెక్సస్ టెక్‌తో ఆడింది. స్కోరు 23-0. చిన్న కాన్ఫరెన్స్ కుర్రాళ్లు ఒరెగన్ మీద 34 పాయింట్లు చేశారు. పెద్ద కాన్ఫరెన్స్ ఛాంపియన్ సున్నా. అలబామా, రోజ్ బౌల్‌లో ఇండియానా చేతిలో 38-3తో ఓడింది. టెక్సస్ టెక్‌కి సీటు దండగ అని ఎవరూ రాయలేదు. అలబామాకి ఇక వద్దు అని ఎవరూ అడగలేదు.

ఇంకో మాట. ఆ సీజన్ కప్పు కొట్టిన ఇండియానా ఎవరు? దశాబ్దాలుగా ఓటములకే పేరుపడ్డ జట్టు. బిగ్ టెన్‌లోనే ఉంది, టీవీ డబ్బులు వస్తూనే ఉన్నాయి, అయినా గెలుపు లేదు. 2023 చివర్లో కర్ట్ సిగ్నెట్టీ అనే కోచ్‌ని తెచ్చుకుంది. ఎక్కడి నుంచి? జేమ్స్ మాడిసన్ నుంచి! ఆయన వెంట అక్కడి ఆటగాళ్లు కూడా పలువురు వచ్చారు. రెండో సీజన్‌కే 16కి 16 గెలిచి జాతీయ ఛాంపియన్. అంటే చిన్న కాలేజీ గురువు, చిన్న కాలేజీ పిల్లలు వెళ్లి పెద్ద కాలేజీకి ఆట నేర్పారు. వాళ్లే పాత కాలేజీలో ఉంటే "కోటా సీటు". కొత్త చొక్కా వేసుకుంటే "మెరిట్".

ఇక మా వైపు నుంచి నిజాయితీగా ఒప్పుకోవాల్సినవి కూడా ఉన్నాయి. లేకపోతే ఇది వాదన కాదు, అరుపు అవుతుంది.

నోటర్ డేమ్‌ని ఓడించిన నార్తర్న్ ఇల్లినాయ్, ఆ తర్వాతి మ్యాచ్‌లోనే బఫలో చేతిలో ఓడింది. ఒక మ్యాచ్ గెలవడం వేరు, మూడు నాలుగు వారాలు వరసగా గట్టి జట్లతో తలపడటం వేరు. ఈ ఆటలో దెబ్బలు ఎక్కువ. దెబ్బ తగిలినవాడి స్థానంలో దిగే రెండో వరస, మూడో వరస ఎంత గట్టిగా ఉన్నాయన్నదే సీజన్ చివర తేలుస్తుంది. అక్కడ పెద్దవాళ్లది పైచేయి. సిన్సినాటి 2021లో అలబామా చేతిలో 27-6తో ఓడింది. బోయిసీ స్టేట్ 2024 ప్లేఆఫ్‌లో పెన్ స్టేట్ చేతిలో 31-14తో ఓడింది. ఇవి దాచేవి కావు.

కానీ ఆ రెండో వరస ఎలా తయారవుతుంది? ఒకప్పుడు పెద్ద కాలేజీలు ఎంతమందికి కావాలంటే అంతమందికి స్కాలర్‌షిప్ ఇచ్చి, ఆడించినా ఆడించకపోయినా బెంచీ మీద కూర్చోబెట్టుకునేవి. తర్వాత పరిమితి పెట్టారు. ఆ తర్వాత అది 85 మందికి వచ్చింది. ఆ రూల్ వల్ల మిగిలిన మంచి ఆటగాళ్లు చిన్న కాలేజీలకు వచ్చారు. పైన చెప్పిన గెలుపులన్నీ ఆ రూల్ ఉన్న కాలంలోవే ఎక్కువ. ఇప్పుడేమైంది? 2021 నుంచి ఆటగాడు ఏడాది ఆగకుండా కాలేజీ మారి వెంటనే ఆడొచ్చు. ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు. 2025లో కోర్టు ఒప్పందంతో కాలేజీలే ఆటగాళ్లకు ఆ మొదటి ఏడాది 2.05 కోట్ల డాలర్ల దాకా పంచే వీలొచ్చింది, అంటే మన లెక్కలో 170 కోట్ల రూపాయలకు పైనే. 85 పరిమితి పోయింది, జట్టులో 105 మంది దాకా ఉండొచ్చు.

ఆటగాడికి డబ్బు రావడం తప్పు కాదు. వాడి చెమట, వాడి కూలి. మేము వాడి పక్షమే. తప్పు ఎక్కడంటే, చిన్న కాలేజీ రెండేళ్లు పెంచి తయారుచేసిన పిల్లాడిని పెద్ద కాలేజీ తీసుకెళ్తే, పెంచిన దానికి పైసా కూడా రాకపోవడం. యూరప్ సాకర్‌లో ఒప్పందంలో ఉన్న ఆటగాడిని కొంటే పాత క్లబ్బుకు డబ్బు కట్టాలి. ఇక్కడ ఆ నియమం లేదు. విత్తనం ఒకరిది, కళ్లం ఇంకొకరిది.

కాబట్టి "సరితూగగలరా?" అన్న ప్రశ్నే వంకర ప్రశ్న. త్రాసు ఎవరి చేతిలో ఉంది అని అడగాలి ముందు.

ఈ గొడవ మనది అని ఎందుకు అంటున్నామో ఇప్పుడు చెబుతాం. ఈ ఆటలో పెద్ద కాలేజీల గర్వం అణచిన తొలి చిన్న జట్లలో ఒకటి ఆదివాసీ పిల్లల జట్టు. పెన్సిల్వేనియాలో కార్లైల్ ఇండియన్ స్కూల్ అని ఉండేది. 1879లో రిచర్డ్ ప్రాట్ అనే సైనికాధికారి పెట్టాడు. అది ప్రేమతో పెట్టిన బడి కాదు. ఎన్నో తెగల పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి తెచ్చి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష మాట్లాడితే శిక్షించిన బడి. 180కి పైగా పిల్లల్ని అక్కడే సమాధి చేశారు. ఇది మర్చిపోయి ఆట గొప్పలు చెప్పుకుంటే ఆ పిల్లలకు ద్రోహం.

ఆ బడిలోని కుర్రాళ్లే 1911లో హార్వర్డ్‌ని హార్వర్డ్ మైదానంలో 18-15తో ఓడించారు. శాక్ అండ్ ఫాక్స్ తెగ బిడ్డ జిమ్ థార్ప్ నాలుగు ఫీల్డ్ గోల్స్ కొట్టాడు. 1912 నవంబర్‌లో వెస్ట్ పాయింట్ వెళ్లి సైనిక అకాడమీ జట్టుని 27-6తో ఓడించారు. తర్వాతి కాలంలో దేశాధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ ఆరోజు ఆర్మీ జట్టులో ఆడాడు. వూండెడ్ నీ దగ్గర సైన్యం లకోటా జనాన్ని కాల్చి చంపి అప్పటికి 22 ఏళ్లు కూడా నిండలేదు. ఆ మైదానంలో ఏ పిల్లలు ఏ పిల్లల ఎదుట నిలబడ్డారో ఆలోచించండి.

అదే 1912లో థార్ప్ స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచాడు. 1913లో లాక్కున్నారు. కారణం, అంతకుముందు బేస్‌బాల్ ఆడి కొద్దిపాటి డబ్బు తీసుకున్నాడట! ఆయన 1953లో చనిపోయాడు. పతకాలు తిరిగి ఇవ్వాలని 1982లో నిర్ణయించారు. ఆ రెండు పోటీల్లో ఆయనొక్కడే విజేత అని ఒప్పుకోవడానికి 2022 దాకా పట్టింది. అంటే ఆదివాసీ కుర్రాడు నాలుగు డాలర్లు తీసుకుంటే నేరం. వందేళ్ల తర్వాత పెద్ద కాలేజీలు కోట్లు పంచితే అది పద్ధతి. రూల్ ఎప్పుడు పుడుతుందో, ఎవరి కోసం చస్తుందో ఈ ఒక్క కథలో తెలిసిపోతుంది.

ఇప్పుడు అమెరికాలో గ్యారంటీ సీటు తీసేయాలని, లేదా చిన్నవాళ్లకు వేరే పోటీ పెట్టుకోమని మాట్లాడుతున్నారు. మేము గట్టిగా చెప్పేది: ఆ సీటు ఉండాలి. అది దానం కాదు. 40 సీట్లలో ఒక్కటే ఇచ్చిన కమిటీల మీద నమ్మకం లేక పెట్టుకున్న కాపలా. పెద్ద జట్లు చిన్న జట్ల మైదానాలకూ వెళ్లి ఆడాలి. ఆటగాడు వెళ్లిపోతే పెంచిన కాలేజీకి వాటా రావాలి. ఇవి చేసి పదేళ్లు ఆగండి. అప్పుడు స్కోర్లు పట్టుకు రండి, మాట్లాడుకుందాం.

చివరిగా మనలో మనకు ఒక మాట. ఇంజినీరింగ్ కాలేజీలో, యూనివర్సిటీ హాస్టల్లో "కోటాలో వచ్చావా?" అనే ప్రశ్న మనలో విననివాళ్లు లేరు. విని విని మనలో కొందరు "నిజమే, మనం సరితూగలేం" అని తమకు తామే అనుకుంటున్నారు. బయటివాడు అన్నదానికంటే మాకు దీని బాధ ఎక్కువ. మొదటి సెమిస్టర్‌లో సబ్జెక్టు పోతే అది 23-0తో ఓడిన మ్యాచ్ లాంటిదే, అంతకుమించి ఏం కాదు. పెద్దోళ్ల పిల్లలకూ పోతాయి. వాళ్ల సీటు సంగతి ఎవరూ అడగరు. నీ సీటు సంగతి అడిగితే తల దించకు. తమ్ముడూ, చెల్లీ, నువ్వు ఓడితే నీ ఒక్కడి ఓటమి, నీ ఒక్కదాని ఓటమి. మొత్తం జాతి ఓటమి అని నీ నెత్తిన పెట్టే హక్కు ఎవరికీ లేదు.

రేపు గెలిచి పెద్ద చొక్కా వేసుకున్నాక మాత్రం ఎక్కడి నుంచి వచ్చావో చెప్పు. చెప్పకపోతే ఆ గెలుపు కూడా వాళ్ల ఖాతాలోకే పోతుంది.

ఒప్పుకోని వాళ్లు కింద రాయండి, స్కోర్లతో సహా జవాబిస్తాం. జోహార్!